అతిథి శుల్కము



ఈ ప్రసంగము చేయుటకై నేను లక్డీకాపూల్ మీదుగా వచ్చితిని. హిందుస్తానీ భాషలో లక్డీ యనగా కొయ్య. పుల్ అనగా వంతెన. ఆ కొయ్యవంతెన యెన్నడో పోయినది, పేరు మాత్రము నిలిచినది. నేడచ్చట స్తంభములపై మెట్రో రైలు నడచుచున్నది. టిక్కెట్టు చూపనిదే దాని ద్వారము తెఱచుకొనదు. నా వెనుక నిలిచిన పల్లెటూరి వృద్ధుడొకడు "లోపటికి పోనీకి గూడ పైసలేనా?" యని నవ్వెను. ఆతని ప్రశ్న క్రొత్తది కాదు. మన దేశమున ఎనిమిది వందల యేండ్లనాడే రాజులకును ఆ ప్రశ్న కలిగినది. వచ్చిన పరదేశివద్ద సుంకము గొనవచ్చునా? గొన్నచో ఎంత గొనవలెను? గొన్నదానికి బదులేమి యీయవలెను? ఈ మూడింటినిగూర్చియే నేటి నా ప్రసంగము.

క్రీస్తుశకము 1244-45 ప్రాంతమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున నొక శాసనము వేయించెను. అచ్చటి వీరభద్రాలయమున నది శిలాస్తంభముపై నున్నది. దానికి అభయశాసనమని ప్రసిద్ధి. అంతకుముందు రాజుల ధర్మమెట్లుండెనో ఆ శాసనమే చెప్పుచున్నది. గాలివానకు చిక్కి దారితప్పిన ఓడ యేదేని యొడ్డునకు కొట్టుకొనివచ్చెనా, అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సమస్తమును రాజు బలాత్కారముగా గైకొనుచుండెను. సముద్రము వదలిన వానిని రాజు వదలడయ్యెను. గణపతిదేవు డా దురాచారమును మాన్పెను. ప్రాణములకు తెగించి కడలి దాటి వచ్చినవారిపై దయదలచి, నియతమైన సుంకము తప్ప వేఱేమియు గొనమని యభయమిచ్చెను. ఆ సుంకము ముప్పదింట నొకపాలు. శ్రీగంధము, కర్పూరము, పన్నీరు, దంతము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మొదలగు సరకులకు వేర్వేఱుగ వెలలు చెక్కించెను.

ఇందలి విశేషము సుంకము తక్కువ యగుటయే కాదు. అది రాతిపై చెక్కబడుట ముఖ్యము. ఓడ దిగిన పరదేశి దానిని చదివించుకొని తానీయవలసిన దెంతయో తెలిసికొనగలడు; సుంకరి తన యిష్టము వచ్చినట్లు పెంచజాలడు. దాని ఫలము కొలది కాలముననే కనబడెను. ఆ శతాబ్ది చివర వెనీసు నగరపు యాత్రికుడు మార్కోపోలో ఈ సీమను మోటుపల్లి పేరనే వర్ణించి, దాని నేలిన రాణి న్యాయపాలనమును శ్లాఘించెను. ఆమె రుద్రమదేవియని చరిత్రకారుల నిర్ణయము. 1358లో రెడ్డిరాజైన అనవోతారెడ్డియు మోటుపల్లి వర్తకులకు మరల నభయమొసగి శాసనము వేయించెను. రాజ్యము మాఱినను మంచి మాట మాఱలేదు.

ఇక దీనికి విరుద్ధమైన కథ వినుడు. 1830వ సంవత్సరము మే నెలలో మదరాసు సుప్రీంకోర్టు ద్విభాషియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్రకు బయలుదేఱిరి. వారు శ్రీశైలము సేవించి, మన హైదరాబాదు మీదుగా ఉత్తరమునకు సాగిరి. ఆ యాత్రావిశేషములు కాశీయాత్రచరిత్ర యను పేర 1838లో అచ్చుపడినవి. అప్పటికి శ్రీశైలము కందనూరు నవాబు అధీనమున నుండెను. యాత్రికులవద్దను, అభిషేకాది సేవలవద్దను హాశ్శీలు వసూలగుచుండెను గాని, ఆ ధనము గుడి బాగునకు వ్యయము కాకుండెను. పడిపోవు గోడ పడిపోవుచునే యుండె. వచ్చు రూకలు వచ్చుచునే యుండె. కంపెనీవారును ప్రయాగ, గయ, జగన్నాథములయందు యాత్రికులపై పన్ను గొనుచుండిరి. 1840లో దానిని రద్దుచేసిరి.

మోటుపల్లి సుంకమును సుంకమే, శ్రీశైలపు హాశ్శీలును సుంకమే. మొదటిదానివలన పరదేశికి రక్షణ కలిగెను. రెండవదానివలన యాత్రికునకు గాని, దేవునకు గాని కలిగిన మేలు లేదు. కావున సుంకము మంచిదా చెడ్డదా యని యడుగరాదు. ఆ రూపాయి యెచ్చటికి పోవుచున్నదని యడుగవలెను.

నేటి కాలమున ఈ విచారమును మిక్కిలి శ్రద్ధతో చేసిన దేశమొకటి మన పొరుగుననే కలదు. హిమాలయములలోని భూటాను 1974లో పరదేశి యాత్రికులకు ద్వారములు తెఱచెను. వచ్చువారు కొందఱైనను చాలును, కొండలును అడవులును చెడరాదని వారి సంకల్పము. దేశమున నూటికి అఱువది పాళ్లు అడవి యెల్లకాలము నిలువవలెనని 2008 నాటి వారి రాజ్యాంగమే విధించినది. యాత్రికుడు గడపు ప్రతి రాత్రికి సుస్థిరాభివృద్ధి రుసుమను పేర కొంత ధన మీయవలెను. 2022 సెప్టెంబరులో దానిని 200 డాలర్లు చేసిరి. రాకపోకలు మరల పుంజుకొనవలెనని 2023 సెప్టెంబరు నుండి 100 డాలర్లకు తగ్గించిరి. భారతీయులకు మాత్రము రాత్రికి 1,200 రూపాయలు. మనవారు పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపుకార్డు గాని చూపి అనుమతిపత్రము పొందవలెను. ఈ ధనము వైద్యమునకును, విద్యకును, ప్రకృతి సంరక్షణకును వినియోగమగునని వారు ముందుగనే ప్రకటించిరి. గణపతిదేవుడు రాతిపై చేసిన పనిని వారు చట్టముతో చేసిరి.

అయినను ఇందొక చిక్కు కలదు. రుసుము హెచ్చైనకొలది పేదవాడు గడప యవతలనే నిలిచిపోవును. నా యుద్యోగకాలమున నొకసారి బాలురను ఒక దర్శనీయస్థలమునకు తీసికొనిపోయితిని. ద్వారమున రుసుము మేమనుకొన్నదానికంటె హెచ్చుగా నుండెను. నాయొద్దనున్నది చెల్లింపగా ఇరువురు బాలురకు చాలలేదు. నేనును వారితో వెలుపల వేపచెట్టు క్రింద కూర్చుంటిని. తిరిగివచ్చినవారు తాము చూచినది చెప్పుచుండగా ఆ యిరువురు తలవంచుకొని వినుచుండిరి. ఆ ముఖములు నాకు నేటికిని కన్నులకు గట్టినట్లున్నవి. ఆ చోటును కట్టించినవాడు ఆ బాలుర తాతముత్తాతల పన్నులతోనే కట్టించియుండును గదా!

ఈ ముచ్చట రాజులకును రాజధానులకును సంబంధించినదే యని తలపకుడు. 1951లో భూదానోద్యమము పుట్టిన పోచంపల్లి, 2021లో ప్రపంచ పర్యాటక సంస్థచే ఉత్తమ పర్యాటక గ్రామముగ నెన్నుకొనబడినది. ఆ యేడే గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన రామప్పగుడి ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినది. ఱేపు మీ యూరి చెఱువును, గుట్టను, గుడిని జూడ జనము రావచ్చును. వాహనములు నిలుపుటకు, చెత్త యెత్తించుటకు రుసుము పెట్టుదమా యని పంచాయతీలో ప్రశ్న వచ్చును. అప్పుడు మీరు మూడు మాటలు జ్ఞప్తికి దెచ్చుకొనుడు. రుసుమెంతయో ఊరి మొదటనే పలకపై వ్రాయింపుడు. వచ్చిన ధనము చెఱువునకెంత, గుడికెంత, బాటకెంత వ్యయమైనదో ఏటేట గ్రామసభలో చదివి వినిపింపుడు. బడిపిల్లలకును, పేదలకును ద్వారము మూయకుడు.

ఇట్లు చేసితిరేని ఆ రుసుము అతిథికి భారము కాదు, మీకు అపకీర్తి కాదు. స్వస్తి.