మోటారు కారులో శబ్దవర్ధనం

రాత్రివేళ దువ్వాడ రైల్వే స్టేషనుకు వెళ్ళినవారికి ఒక దృశ్యం పరిచితమే. విశాఖపట్నం స్టేషనులోనికి పోయిన రైలు ముందుకు సాగాలంటే మరల వెనుకకు తిరగవలసియుంటుంది. అందుచేత కొన్ని రైళ్ళు నగరంలోనికి పోకుండా దువ్వాడ మీదుగానే సాగిపోతాయి. వాటిలో వచ్చే బంధువుల కొరకు వెలుపల కార్లు వేచి ఉంటాయి. కాలక్షేపానికి స్టీరియో పెడతారు. నిలిచిన కారులో పాట ఇంపుగానే ఉంటుంది. గాజువాక వైపు రోడ్డెక్కి, లారీల రొదకు పోటీగా శబ్దం పెంచగానే గాయకుని గొంతు చీలుతుంది. మృదంగం రేకుడబ్బా అవుతుంది. దీనికొక ఆంప్లిఫయర్ తగిలించవలసిందే అన్న ఆలోచన అప్పుడే పుడుతుంది. ఆ ఆలోచన వెనుక తొమ్మిది దశాబ్దాలకు మించిన చరిత్ర ఉన్నది.

1930లో అమెరికాలో పాల్ గాల్విన్ అనే వ్యాపారి కార్లలో అమర్చదగిన రేడియోను విపణికి తెచ్చి, దానికి మోటరోలా అని పేరు పెట్టాడు. మన దక్షిణాదిన మద్రాసు కార్పొరేషను రేడియో ప్రసారాలను ప్రారంభించినది కూడా ఆ సంవత్సరమే. నాటి రేడియోలు వాల్వులతో పనిచేసేవి. వాల్వులకు వంద వోల్టులకు పైబడిన విద్యుత్పీడనం అవసరం. కారు బ్యాటరీ ఇచ్చేది 6 వోల్టులు మాత్రమే. అందుచేత తొలినాళ్ళలో కారు అడుగున ప్రత్యేకంగా మరికొన్ని బ్యాటరీలను మోయవలసివచ్చింది. కొద్ది సంవత్సరాలకు వైబ్రేటరు అనే పరికరం వచ్చి ఈ బాధ తొలగించింది. అందులో ఒక లోహపు నాలుక వేగంగా అదురుతూ, విద్యుత్ ప్రవాహాన్ని తెంచుతూ కలుపుతూ ఉండేది. అట్లా తెగి కలిసిన ప్రవాహాన్ని ట్రాన్స్‌ఫార్మరు హెచ్చు వోల్టులకు పెంచేది. కారులో ధ్వని సమస్య మొదటి నుండీ బ్యాటరీ సమస్యే అని దీనివలన తెలుస్తున్నది.

1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. 1955లో క్రైస్లర్ కంపెనీ తన కార్లకు ఫిల్కో తయారు చేసిన, వాల్వులే లేని రేడియోను అందించింది. ట్రాన్సిస్టరుకు కొద్ది వోల్టులు చాలు. ఇక వైబ్రేటరుతో పనిలేదు. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును వెలువరించింది. ఆ సంవత్సరమే విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం వెలసింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో మనవారు చాలమంది రేడియోను విడిగా కొని బిగించుకున్నారు. 1973 ప్రాంతంలో అమెరికాలో జిమ్ ఫాస్‌గేట్ కారు కొరకే ప్రత్యేకమైన ఆంప్లిఫయర్‌ను నిర్మించాడు. స్టీరియో ఒకచోట, శక్తినిచ్చే పెట్టె మరొకచోట ఉండే పద్ధతి అట్లా వ్యాపించింది.

ఒకప్పుడు నచ్చని స్టీరియోను ఊడదీసి మరొకటి పెట్టుకోవడం తేలిక. జర్మన్ ప్రమాణం ప్రకారం ఆ అర 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేది. ఏ కంపెనీ పెట్టె అయినా అందులో ఇమిడేది. నేటి కార్లలో చాలవాటికి వెనుక కెమెరా, ఫోను, వాహనపు అమరికలు అన్నీ ఒకే తెరతో ముడిపడి ఉన్నవి. దానిని తీసివేయడం కష్టం. కనుక కంపెనీ స్టీరియోను ఉంచి, దాని వెనుక ఆంప్లిఫయర్‌ను చేర్చడమే మార్గమైనది.

అసలు కంపెనీ స్టీరియో ఎందుకు అలసిపోతుంది? లెక్క చూస్తే తెలుస్తుంది. ఇంజను నడిచేటప్పుడు కారులో లభించేది సుమారు 14 వోల్టులు. స్పీకరు నిరోధం సాధారణంగా 4 ఓములు. ఈ రెంటి నడుమ ఒక్కొక్క స్పీకరుకు చీలకుండా అందే శక్తి ఇంచుమించు 20 వాట్లు. పెట్టె మీద ఎంత పెద్ద అంకె వ్రాసినా ఈ హద్దు మారదు. అందుకే పెద్ద ఆంప్లిఫయర్ లోపల మొదట వోల్టులను పెంచే భాగం ఒకటి ఉంటుంది. పాత వైబ్రేటరు చేసిన పనినే ఇప్పుడు ట్రాన్సిస్టర్లు నిశ్శబ్దంగా, సెకనుకు వేలసార్లు చేస్తున్నవి.

అయితే ఆంప్లిఫయర్ శక్తిని సృష్టించదు; బ్యాటరీ నుండి తీసుకుంటుంది. 200 వాట్లు వెలువరించడానికి సాధారణ ఆంప్లిఫయర్ 25 ఆంపియర్ల వరకు లాగగలదు. స్టీరియోకు వచ్చే సన్నని తీగ ఆ ప్రవాహాన్ని భరించలేదు. బ్యాటరీ నుండి వేరుగా లావైన తీగ తేవాలి. బ్యాటరీకి జానెడు, రెండు జానల దూరంలోనే ఫ్యూజు ఉండాలి. ఆ ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా తీగను. ఫ్యూజు లేని తీగ ఎక్కడైనా ఒరుసుకుని కారు ఇనుమును తాకితే బ్యాటరీ బలమంతా అక్కడ వేడిగా మారుతుంది, కారు అంటుకోవచ్చు. భూసంధానం కొరకు రంగు గీకి, మెరిసే లోహానికి బిగించాలి. విశాఖ వంటి సముద్రతీరంలో ఉప్పుగాలికి ఆ చోటు త్వరగా త్రుప్పు పడుతుంది, అప్పుడప్పుడు చూసుకోవాలి.

మరొక మెలకువ. నేటి స్టీరియోలలో స్పీకరుకు పోయే రెండు తీగలలోనూ విద్యుత్తు ఉంటుంది. వాటిలో ఒకదానిని కారు ఇనుముకు కలిపితే స్టీరియోయే కాలిపోవచ్చు. స్పీకరు తీగల నుండి సంకేతాన్ని నేరుగా స్వీకరించే ఏర్పాటున్న ఆంప్లిఫయర్‌ను ఎంచుకోవడం క్షేమం.

చివరగా ఒక చెవి లెక్క. శక్తి రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి రెండింతలుగా తోచాలంటే పదింతల శక్తి కావాలి. కనుక పెద్ద అంకెల కొరకు ప్రాకులాడడం వృథా. శక్తి నిల్వ ఉంటే పాట చీలకుండా, మితమైన స్థాయిలోనే నిండుగా వినిపిస్తుంది. ఆంప్లిఫయర్ వలన నిజమైన లాభం ఇదే. వెనుక వస్తున్న అంబులెన్సు కూత వినబడనంత సంగీతం ఎంత శ్రావ్యమైనా అపాయమే. దువ్వాడలో దిగిన బంధువును ఇంటికి చేర్చే దారిలో పాట తోడుగా ఉండాలి. ఆ పాట వింటూనే పక్కవారి పలకరింపునూ వినగలగాలి.