ట్రైటన్: నార్టన్ చట్రంలో ట్రయంఫ్ ఇంజను – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

రెండవ ప్రపంచయుద్ధానంతర బ్రిటన్ మోటారుసైకిళ్ల చరిత్రను చాలావరకు కర్మాగారాల చరిత్రగానే రాస్తూ వచ్చారు. ట్రయంఫ్, నార్టన్, బి.ఎస్.ఏ., విన్సెంట్ సంస్థలు ఏ యేట ఏ నమూనాను విడుదల చేశాయో తెలిపే పట్టికలే ఆ రచనకు ఆధారం. ఆ పట్టికలలో చోటు దొరకని బండి ట్రైటన్. నార్టన్ సంస్థ చట్రంలో ట్రయంఫ్ సంస్థ ఇంజనును బిగించి, 1950, 60 దశకాలలో వ్యక్తులు, చిన్న వర్క్‌షాపులు కూర్చుకున్న వాహనమిది. ట్రయంఫ్‌లోని ‘ట్రై’, నార్టన్‌లోని ‘టన్’ కలిసి దాని పేరయ్యాయి. గ్రీకు పురాణాలలో ఒక సముద్రదేవత పేరు కూడా ట్రైటనే. గంటకు 100 మైళ్ల వేగాన్ని ఆనాటి ఆంగ్ల యువకులు ‘టన్’ అనేవారు. ఇవి యాదృచ్ఛికాలే అయినా, ఆ పేరు జనం నోట నిలవడానికి కొంత తోడ్పడి ఉంటాయి.

ట్రైటన్‌ను యువతరం తిరుగుబాటుకు చిహ్నంగా వర్ణించడం పరిపాటి. తోలు జాకెట్లు, లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీది ఏస్ కఫే, రాకర్లు ఆ వర్ణనలో తప్పనిసరిగా కనిపిస్తారు. అది అసత్యం కాదు. అయితే ఫలితాన్ని కారణంగా చూపుతుంది. ఆనాటి మేలైన చట్రం ఒక సంస్థ చేతిలోనూ, అందరికీ అందుబాటులో ఉన్న మేలైన ఇంజను మరో సంస్థ చేతిలోనూ ఉండడమే ఈ బండి పుట్టుకకు మూలం. బర్మింగ్‌హామ్‌లోని నార్టన్ కర్మాగారానికీ, కొవెంట్రీ సమీపాన మెరిడెన్‌లోని ట్రయంఫ్ కర్మాగారానికీ మధ్య దూరం 20 మైళ్ల లోపే. ఆ దూరాన్ని పరిశ్రమ దాటలేదు, కొనుగోలుదారులు దాటారు.

చట్రం, ఇంజను

బెల్‌ఫాస్ట్‌కు చెందిన రెక్స్ మెక్‌కాండ్లెస్, క్రోమీ మెక్‌కాండ్లెస్ సోదరులు రూపొందించిన కొత్త చట్రాన్ని నార్టన్ 1950లో పందేలలోకి దించింది. రెండు ఉక్కు గొట్టాలు ఇంజను చుట్టూ ఉచ్చులా తిరిగి, స్టీరింగు మెడ దగ్గర ఒకదానినొకటి దాటుకునే నిర్మాణమది. వెనుక చక్రం ఊగే ఫోర్కు మీద ఆధారపడి ఉంటుంది. పరుపు మీద కూర్చున్నట్టుందన్న పందెగాడు హెరాల్డ్ డేనియల్ మాట వల్ల దానికి ‘ఫెదర్‌బెడ్’ అనే పేరు వచ్చిందని చెబుతారు. ఆ యేడే ఐల్ ఆఫ్ మాన్ సీనియర్ టి.టి. పందెంలో జెఫ్ డ్యూక్ గెలిచాడు. మొదటి మూడు స్థానాలూ నార్టన్‌వే. 1952 నుండి డామినేటర్ 88 రూపంలో ఈ చట్రం మామూలు రోడ్ల మీదికి వచ్చింది. కాని అందులోని జంట సిలిండర్ల ఇంజను 497 సి.సి. మాత్రమే. నార్టన్ 650 తరగతికి చేరడానికి 1960 దశకం రావలసి వచ్చింది.

ట్రయంఫ్ పరిస్థితి ఇందుకు తలకిందులు. ఎడ్వర్డ్ టర్నర్ రూపొందించగా 1937లో వెలువడిన స్పీడ్ ట్విన్ ఇంజను తేలికైనది, ఇరుకు చోటులో ఇమిడేది. దానినే 649 సి.సి.కి పెంచి తెచ్చిన థండర్‌బర్డ్ బండ్లు మూడు 1949లో పారిస్ సమీపంలోని మోంట్‌లెరీ ట్రాక్ మీద 90 మైళ్లకు మించిన సగటు వేగంతో చెరో 500 మైళ్లు నడిచాయి. 1959 నాటి బోనవిల్ రెండు కార్బురేటర్లతో 46 అశ్వశక్తిని ఇచ్చింది. ఇంత బలాన్ని మలుపులలో నిలబెట్టగల చట్రం మాత్రం ట్రయంఫ్ వద్ద లేదు. 1960లో తెచ్చిన జంట గొట్టాల చట్రం పగుళ్లిచ్చి, అదనపు గొట్టంతో బలపరచవలసి వచ్చింది.

ఖాళీ చట్రాలు ఎక్కడివి?

దీనికి తరచుగా చెప్పే సమాధానం కార్ల పందేలతో ముడిపడి ఉంది. 500 సి.సి. ఫార్ములా 3 కార్లకు నార్టన్ మాంక్స్ ఇంజను ఎంతో అనువైనది. సంస్థ దానిని విడిగా అమ్మడానికి ఇష్టపడకపోవడంతో పందెగాళ్లు మొత్తం మోటారుసైకిలునే కొని, ఇంజను ఊడదీసుకుని మిగిలినది అమ్మేసేవారు. ఆ కథనం తొలినాటి బండ్లకు సరిపోతుంది, తరువాతి విస్తృతికి చాలదు. మాంక్స్ కొద్ది సంఖ్యలో తయారైన పందెపు బండి. ట్రైటన్లలో ఎక్కువ వాటికి డామినేటర్ వంటి రోడ్డు బండ్ల చట్రాలే ఆధారమయ్యాయి. ఇంజను పాడైన నార్టన్ ఒకటి, ప్రమాదంలో చట్రం వంగిన ట్రయంఫ్ ఒకటి దొరికితే పని మొదలయ్యేది. కథనంలోని పందెపు వన్నె ఈ పాత సామాన్ల బేరానికి లేదు; అందుకే కాబోలు దాని ప్రస్తావన తక్కువ.

అమరిక పని బయటికి కనిపించినంత సులభం కాదు. 1962 వరకు ట్రయంఫ్ 650 ఇంజనూ గేర్‌బాక్సూ వేర్వేరు భాగాలు. వాటిని నార్టన్ చట్రంలో నిలపడానికి ఉక్కు లేదా అల్యూమినియం మిశ్రమలోహపు పలకలను కొలతకు కోసి రంధ్రాలు వేయాలి. ఇంజను నుండి గేర్‌బాక్సుకు, అక్కడి నుండి వెనుక చక్రానికి వెళ్లే చైన్లు ఏమాత్రం పక్కకు జరగకుండా ఒకే వరుసలో నడవాలి. కొందరు నార్టన్ గేర్‌బాక్సునే ఉంచుకున్నారు. అసలు చిక్కు కంపనంతో. ఆ ఇంజనులో రెండు పిస్టన్లూ ఒకేసారి లేచి ఒకేసారి దిగుతాయి. క్రాంక్ మీది ప్రతిభారాలు ఆ బలంలో కొంత భాగాన్నే అణచి, మిగిలినదాన్ని నిలువు నుండి అడ్డానికి మళ్లిస్తాయి. ఎంత భాగాన్ని అణచాలన్నది చట్రాన్ని బట్టి, ఇంజను కూర్చున్న చోటును బట్టి మారుతుంది. ట్రయంఫ్ తన చట్రానికి తగినట్టు కుదిర్చిన లెక్క నార్టన్ చట్రంలో తప్పవచ్చు. సిలిండర్ తలను పైగొట్టానికి కట్టే ఊతపట్టీ బిగువుగా లేకపోతే పలకలే చిట్లుతాయి. ఈ జ్ఞానం ఏ కర్మాగారపు నక్షాలోనూ లేదు. వర్క్‌షాపుల మధ్య నోటి మాటగా నడిచింది.

ఇంతకన్నా సాహసోపేతమైనది 998 సి.సి. విన్సెంట్ ఇంజనును అదే చట్రంలో దూర్చిన ‘నార్విన్’. విన్సెంట్ బండిలో ఇంజనే చట్రంలో భాగం. కనుక దానిని మరో చట్రంలో కూర్చోబెట్టడం అంటే ఇంటి మూలస్తంభాన్ని పెకలించి మరో ఇంట్లో పాతడమే. నార్విన్లు ట్రైటన్ల స్థాయిలో వ్యాపించకపోవడానికి ఇదొక కారణం.

గుర్తింపు

ఇది ఇంటి వెనుక షెడ్డుల హస్తకళే అనుకోవడానికి వీలులేదు. లండన్‌లోని డ్రెస్డా ఆటోస్‌కు చెందిన డేవ్ డీగెన్స్ ట్రైటన్లను పద్ధతిగా నిర్మించి అమ్మాడు. 1965లో రెక్స్ బుచర్‌తో కలిసి ఆయన బార్సిలోనాలోని మోంజుయిక్ 24 గంటల పందేన్ని డ్రెస్డా ట్రైటన్ మీద గెలిచాడు. ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా నడిచిన బండి గురించి ‘కఫే ముందు ప్రదర్శన వస్తువు’ అన్న విమర్శ నిలవదు.

పరిశోధకులకు ఇక్కడ సాక్ష్యాధారాల సమస్య ఎదురవుతుంది. ఉత్పత్తి రికార్డు లేదు గనుక ఎన్ని ట్రైటన్లు తయారయ్యాయో లెక్కించలేం. మిగిలింది చట్రం సంఖ్య, ఇంజను సంఖ్య రెండూ నమోదయ్యే రిజిస్ట్రేషన్ పుస్తకమే. ఆ రెండు సంఖ్యలూ రెండు సంస్థలవి కావడమే ఆ బండి జన్మపత్రిక. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధమైన మార్పులను నియంత్రిస్తుంది. ఇంజను మార్పిడికి అధికారుల అనుమతి కావాలి. ఇటువంటి సంప్రదాయానికి ఇక్కడి దస్తావేజులలో ఆధారాలు వెదికేవారు ఈ తేడాను దృష్టిలో ఉంచుకోవాలి.

1953లో నార్టన్ ఏ.ఎం.సి. చేతికి, అంతకు ముందే 1951లో ట్రయంఫ్ బి.ఎస్.ఏ. చేతికి వెళ్లాయి. యజమానులు మారినా రెండు పేర్లూ రెండు శిబిరాలలోనే ఉండిపోయాయి. అవి నార్టన్ విలియర్స్ ట్రయంఫ్ అనే ఒకే సంస్థ కిందికి చేరింది 1973లో. అప్పటికి ఫెదర్‌బెడ్ చట్రం తయారీ ఆగిపోయింది. మెరిడెన్ కర్మాగారాన్ని మూసివేస్తామన్న ప్రకటనతో అదే యేడు సెప్టెంబరులో కార్మికులు దానిని స్వాధీనం చేసుకుని గేట్లు వేశారు.