తిరువొత్తియూరు బండి

మదరాసు చరిత్ర రాసేవాళ్లు కోటతో మొదలుపెట్టి గుళ్లు, సభలు, అచ్చుకూటాలు, సినిమా స్టూడియోలు చెప్పి ఊరుకుంటారు. మన తెలుగువాళ్లు రాసినా అంతే. వావిళ్లవారిని తలుచుకుంటాం, వాహినీని తలుచుకుంటాం. ఉత్తర మదరాసులో ఇనుము సానబట్టి, మరలు బిగించి బతికిన చేతుల సంగతి మన పుటల్లోకి రావడం తక్కువ. ఆ చేతులు చేసిన వస్తువొకటి ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతోంది. దాని పేరు బుల్లెట్.

తిరువొత్తియూరు అనగానే మనకు త్రిపురసుందరి అమ్మవారూ, ఆమె మీద త్యాగయ్యగారు తెలుగులో చెప్పిన అయిదు కృతులూ గుర్తొస్తాయి. అదే ఊళ్లో మరో చరిత్ర 1955లో మొదలైంది. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో మోటారు సైకిళ్లు చేసే రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీ, ఇక్కడి మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా అనే సంస్థను ఏర్పాటు చేసింది. సరిహద్దుల్లో గస్తీ తిరగడానికి మన సైన్యం బుల్లెట్‌ను ఎంచుకోవడమే దీనికి ముఖ్య కారణం. అదే ఏడాది పెరంబూరులో రైలుపెట్టెల కార్ఖానా మొదలైంది. ఎన్నూరులోని అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్‌గా మారిందీ ఆ ఏడే. ఒక్క సంవత్సరంలో ఉత్తర మదరాసు ముఖం మారిపోయింది.

1956లో తిరువొత్తియూరు నుంచి బయటికొచ్చిన బళ్లు 163. మొదట్లో భాగాలు ఓడలో వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. 1957లో రెడిచ్ వారు విడిభాగాలు చేసే పనిముట్లు కూడా అమ్మారు. మరి పదేళ్లకు, 1967లో, రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది. ఇంగ్లండులో మిగిలిన ఉత్పత్తి 1970తో ఆగిపోయింది. పుట్టింట్లో దీపం ఆరిపోయినా అత్తింట్లో వెలుగుతూనే ఉంది. 1977 నాటికి మదరాసులో చేసిన బుల్లెట్లే బ్రిటనుకు ఎగుమతి కాసాగాయి. 1994లో సంస్థ ఐషర్ వారి చేతికి వచ్చాక పాత పేరు రాయల్ ఎన్‌ఫీల్డ్ మళ్లీ పెట్టుకున్నారు. 2013లో ఒరగడంలో కొత్త ఫ్యాక్టరీ తెరిచారు.

ఈ తేదీలు కాగితాల్లో దొరుకుతాయి. ఇనుములో దొరికే చరిత్ర వేరు. నా దగ్గర 1960ల నాటి 350 సీసీ బుల్లెట్ ఒకటి ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించడానికి కొన్ని నెలలు పట్టింది. ఇంజను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఏడిపించినవి రెండు: బ్రేకులు, కరెంటు.

వెనక బ్రేకు పట్టేది కాదు. బ్యాటరీ కొన్ని రోజులు బాగానే ఉండేది, కొన్ని రోజులు తెల్లారేసరికి చచ్చిపోయేది. బ్రేకు చూసే మెకానిక్కు కొత్త లైనింగు వేశాడు. వారం బాగుంది, మళ్లీ అదే తంతు. కరెంటు చూసే ఆయన బ్యాటరీ మార్చమన్నాడు. మార్చినా అంతే. పైగా హెడ్‌లైటు మీదున్న అమ్మీటరు ముల్లు, తాళం తీసేశాక, బుద్ధిమంతుడిలా సున్నా మీదే నిలబడేది. ఎక్కడా కరెంటు కారడం లేదని దాని సాక్ష్యం.

ఇలాంటప్పుడు పాత పద్ధతి ఒకటుంది. బ్యాటరీ ఒక కొసన వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య చిన్న బల్బు పెట్టాలి. తాళం తీసి ఉన్నప్పుడు ఆ బల్బు వెలిగిందంటే ఎక్కడో కరెంటు పోతున్నట్టే. మా బల్బు వెలిగింది. ఒక్కొక్క వైరూ కదిలించి చూశాం, ఆరలేదు. చివరికి బ్రేకు పెడల్‌ను చేత్తో కాస్త పైకి లేపగానే ఆరిపోయింది.

అప్పుడు కథంతా విడిపోయింది. పెడల్ తిరిగే ఇరుసులో గ్రీజు ఎప్పుడో ఎండి తుప్పు పట్టింది. తొక్కిన పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. అందువల్ల షూలు డ్రమ్మును ఎప్పుడూ కాస్త రాసుకుంటూనే ఉండేవి. ఆ వేడికి లైనింగు మాడి గాజులా నునుపెక్కి పట్టు వదిలేసింది. అదే పెడల్ వెనక దీపం స్విచ్చిని కూడా లాగి ఉంచుతోంది. ఎవరో ఎప్పుడో ఆ దీపానికి తాళంతో గాని, అమ్మీటరుతో గాని సంబంధం లేకుండా బ్యాటరీ నుంచి సూటిగా వైరు లాగారు. అందుకే ముల్లుకు సంగతి తెలియలేదు. 6 వోల్టుల మీద 18 వాట్ల బల్బు 3 ఆంపియర్లు తాగుతుంది. 12 ఆంపియర్ గంటల బ్యాటరీ ఖాళీ కావడానికి 4 గంటలు చాలు. గుడ్డ కప్పి షెడ్డులో పెట్టిన బండి దీపం ఎవరు చూస్తారు? రెండు జబ్బులనుకున్నది ఒకటే జబ్బు. బ్రేకు చూసేవాడు కరెంటు చూడడు, కరెంటు చూసేవాడు పెడల్ తొక్కడు. బండి మొత్తాన్ని ఒక్కటిగా చూసే చూపు ఉంటే తప్ప ఇది దొరకదు.

లైట్లు మినుకుమినుకుమనడానికి కారణం ఇంకా విచిత్రం. బండికి అందంగా కొత్త రంగు వేయించడమే దానికి కీడు చేసింది. పాత బళ్లలో సగం తీగ బండి శరీరమే. బల్బు నుంచి కరెంటు ఇనుప చట్రం ద్వారానే బ్యాటరీకి తిరిగివస్తుంది. దాన్నే ఎర్త్ అంటాం. బోల్టు కింద మందంగా రంగు పడితే ఆ దారి మూసుకుపోతుంది. ఎర్త్ తగిలేచోట రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించాలి. 6 వోల్టుల బళ్లకు ఈ బాధ ఎందుకు ఎక్కువో లెక్క వేస్తే తెలుస్తుంది. 30 వాట్ల బల్బుకు 6 వోల్టుల మీద 5 ఆంపియర్లు కావాలి, 12 వోల్టుల మీద రెండున్నర చాలు. అతుకు దగ్గర 0.2 ఓముల అడ్డు ఉంటే మొదటిదానిలో ఆరింట ఒక వోల్టు పోతుంది. రెండోదానిలో పన్నెండింట అర వోల్టే.

ముందు బ్రేకుకు కూడా ఓపిక కావాలి. షూల మీద సుద్దముక్క రుద్ది, చక్రం తిప్పి బ్రేకు వేసి, విప్పి చూడాలి. సుద్ద చెరిగినచోటే లైనింగు డ్రమ్మును తాకుతున్నట్టు. మధ్యలో మాత్రమే చెరిగితే కొత్త లైనింగు వేసి ప్రయోజనం లేదు, డ్రమ్ముకు సరిపోయేలా సాన పట్టించాలి. చక్రం ఇరుసు నట్టు వదులు చేసి, బ్రేకు గట్టిగా పట్టి ఉంచి, అప్పుడు బిగిస్తే షూలు డ్రమ్ము నడిమధ్యకు వస్తాయి. ఒక హెచ్చరిక: పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును నోటితో ఊదడం, గాలి కొట్టడం ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవాలి.

అన్నీ సరిచేసినా ఈ బండి నేటి బండి కాదు. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. నేటి బళ్లకు అలవాటుపడ్డ కాలు గాభరాలో గేరు తొక్కుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. పాత డ్రమ్ము బ్రేకుకు ఆ తెలివి లేదు, నడిపేవాడికే ఉండాలి. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లు దాటితే, ప్రతి 5 ఏళ్లకూ తనిఖీ చేయించి పొడిగించుకోవాలన్న నియమాన్ని చాలామంది విసుక్కుంటారు గాని, ఎదురొచ్చేవాడి ప్రాణం మన డ్రమ్ములో ఉందని తెలిసినవాడు విసుక్కోడు.

ఈ పనంతటికీ నేను తిరిగింది పుదుపేట సందులు. పాత బళ్లు విప్పి అమ్మే ఆ వీధుల్లో కంపెనీ ఎన్నడో ఆపేసిన భాగం కూడా ఒక్కోసారి దొరుకుతుంది. అక్కడ మాట్లాడేది అరవం. అయినా ఇబ్బంది పడలేదు. మన బండి వాళ్లకు వండి. మనకు బ్రేకు పట్టదు, వాళ్లకు పిడిక్కాదు. చేత్తో పట్టుకోవడం అనే మాటనే రెండు భాషలూ బ్రేకుకు వాడుకున్నాయి. ఏ నిఘంటువు చూసి చేసిన అనువాదమూ కాదిది. పనిచేసే చేతులు పక్కపక్కన ఉంటే మాటలు అలా కలుస్తాయి. మన పిల్లలు బడిలో తెలుగు చదువుకునే హక్కు కోసం 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చినప్పటినుంచి కోర్టుల చుట్టూ తిరిగాం. అది తిరగవలసిన తిరుగుడే. దానితోపాటు పుస్తకాలకెక్కని ఈ పనిమాటలను కూడా మనవాళ్ల నోట విని రాసిపెట్టుకోవాలి. పెరంబూరులో, తండయారుపేటలో పాత మెకానిక్కులున్న ఇళ్లు మనకు తెలియనివి కావు. పుట్టినచోట ఆగిపోయిన బండిని దూరపు ఊరొకటి మరమ్మతు చేసుకుంటూ నడిపించింది. భాష విషయంలో మనం ఉన్నదీ అలాంటి దూరపు ఊళ్లోనే. ఆ పెద్దవాళ్ల దగ్గరికి వచ్చే ఆదివారమే ఒక నోటుపుస్తకం పట్టుకుని వెళ్లగలిగినవాళ్లు వెళ్లండి. వాళ్లు చెప్పే మాటల్లో కొన్నయినా ఈ పత్రికకు పంపండి.