గొడవల్లేని కాలేజీ కోసం

ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలుగిళ్లలో కాలేజీ గురించి చర్చ మొదలవుతుంది. ర్యాంకు, ఫీజుల లెక్క తేలగానే ఎవరో ఒకరు అడుగుతారు: “అక్కడ గొడవలేం ఉండవు కదా?” ఆడపిల్ల అయితే ఇంకో ప్రశ్న: “హాస్టల్ లోపలేనా, బయటా?” ఈ జాగ్రత్తను పిరికితనమని తీసిపారేసేవాళ్లున్నారు. దాని వెనకున్న చరిత్ర తెలిస్తే అలా అనబుద్ధి కాదు. కాకపోతే, తల్లిదండ్రుల లెక్క ఎక్కడ తప్పిందో కూడా ఆ చరిత్రే చెబుతుంది.

1938 చివర్లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడకూడదని అధికారులు నిషేధం పెట్టారు. విద్యార్థులు సమ్మెకు దిగారు. వందల మందిని బయటికి పంపేశారు. వాళ్లలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పి.వి. నరసింహారావు చదువు సాగింది అలాగే. అప్పటి తల్లిదండ్రులకు ఎంచుకునే వీలెక్కడిది? కొడుకు పేరు కొట్టేశాక ఏ ఊళ్లో సీటిస్తారో వెతుక్కోవడమే వాళ్లకు మిగిలిన పని. 1952 సెప్టెంబరులో, స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ ఆందోళన సమయంలో హైదరాబాద్ సిటీ కాలేజీ విద్యార్థుల ఊరేగింపు పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. చదువు పోతుందన్న దిగులుకు ప్రాణభయం తోడైంది అప్పుడే.

అసలు దెబ్బ 1969లో తగిలింది. ఖమ్మం జిల్లాలో రాజుకున్న ప్రత్యేక తెలంగాణ ఆందోళన వారాల్లో ఉస్మానియాను చుట్టుకుంది. నెలల తరబడి తరగతుల్లేవు, పరీక్షలు వెనక్కి పోయాయి. చనిపోయినవారు 369 మంది అన్నది ఉద్యమకారుల లెక్క. మూడేళ్లు గడిచాయో లేదో, 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పగానే కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. అక్కడా కాలేజీలు మూతపడ్డాయి. నాలుగేళ్ల వ్యవధిలో రెండు ప్రాంతాల తల్లిదండ్రులూ “ఏడాది పోయింది” అనే మాట నేర్చుకున్నారు. దిగువ మధ్యతరగతి ఇంట్లో ఏడాది పోవడమంటే చెల్లెలి పెళ్లి వాయిదా, తండ్రి అప్పు మీద ఇంకో ఏడాది వడ్డీ. ఆ గొడవల్ని చల్లార్చడానికి 1973లో కేంద్రం ప్రకటించిన ఆరు సూత్రాల పథకంలోంచే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టింది. గొడవలు లేకపోతే ఆ విశ్వవిద్యాలయం కూడా లేదన్నమాట. దీన్ని ఎవరూ తలుచుకోరు.

1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య జరిగింది. భౌతికశాస్త్రంలో బంగారు పతకం తెచ్చుకున్న కుర్రవాడు. అంతదాకా ముప్పు బయటినుంచి, లాఠీ రూపంలో వచ్చేది. ఇప్పుడది హాస్టల్ ఆవరణలోకి వచ్చింది. వరంగల్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీది ఇంకో కథ. అందులో సీటు రావడమంటే ఊరంతా చెప్పుకునే గొప్ప. ఆ కాలేజీ విద్యార్థి జనార్దన్ 1975లో, ఎమర్జెన్సీ రోజుల్లో, గిరాయిపల్లి అడవిలో ఎన్‌కౌంటర్ పేరిట చనిపోయిన నలుగురిలో ఒకడు. తర్వాతి పదిహేనేళ్లూ “వరంగల్ పంపితే అన్నల్లో (నక్సలైట్లలో) కలిసిపోతాడేమో” అన్న భయం సీటు వచ్చిన సంతోషాన్ని సగం తినేసేది.

1980ల చివర్లో విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయినప్పుడు తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. నా దృష్టిలో ఆ ఊరట చాలా ఖరీదైంది. సంఘాల్లో రౌడీలుండేవారు, కాదనను. కానీ మెస్సులో పురుగులన్నం గురించి, రాని స్కాలర్‌షిప్పు గురించి, అసభ్యంగా ప్రవర్తించిన లెక్చరర్ గురించి అడిగే నోరు కూడా ఆ సంఘమే. దాన్ని మూసేశాక ఇంకో నోరు ఎవరూ పెట్టలేదు.

ఖాళీ అయిన చోటికి వ్యాపారం వచ్చింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజు నిషేధించింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసు తీర్పుతో ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అనే ఏర్పాటు వచ్చింది. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. ఊరి చివర పొలాల మధ్య భవనం, పసుపు బస్సులు, మెడలో ఐడీ కార్డు, సాయంత్రానికి ఇంటికి. జూనియర్ కాలేజీలు ఇంకో అడుగు ముందుకేసి హాస్టల్‌కు తాళం వేశాయి. గుమ్మం దాకా వచ్చే పీఆర్వో ముందుగా చెప్పే మాట “మా దగ్గర డిసిప్లిన్ సార్”. ఫోన్ ఉండదు, ఔటింగ్ నెలకోసారి. తల్లిదండ్రులు కోరుకున్న నిశ్శబ్దాన్నే కాలేజీలు ఫీజు కట్టించుకుని అమ్ముకున్నాయి.

ఆ నిశ్శబ్దం లోపల ఏం జరిగిందో చూద్దాం. ర్యాగింగ్ మీద ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది, అంటే అప్పటికే అది చట్టం కావలసినంత ముదిరింది. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఆత్మహత్యలపై 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు. 2017లో మళ్లీ చక్రపాణి కమిటీ. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉన్న ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. ఆ తర్వాత ఎంతోమంది ఆడపిల్లల తండ్రులు ఇంటినుంచి బస్సు వెళ్లే కాలేజీయే చాలన్నారు. మరుసటి ఏడాది వరంగల్లో కాలేజీ నుంచి ఇంటికి వస్తున్న ఇద్దరమ్మాయిల మీదే యాసిడ్ పోశారు. 2015లో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఆత్మహత్య, 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం, ఆ వారాల్లో ఇరవై మందికి పైగా పిల్లల మరణాలు. వీటిలో ఏదీ ధర్నా వల్ల జరిగింది కాదు.

ఈలోగా ఉస్మానియా మళ్లీ మండింది. 2009 నవంబరు చివర్లో హాస్టళ్ల మీద లాఠీలు, బాష్పవాయు గోళాలు, ఆ తర్వాత నాలుగున్నరేళ్ల ఉద్యమం. 1969కీ దీనికీ ఒక తేడా ఉంది. ఈసారి డబ్బున్న తల్లిదండ్రులు అప్పటికే తమ పిల్లల్ని ప్రైవేటు కాలేజీలకో అమెరికాకో పంపేశారు. క్యాంపస్ హాస్టళ్లలో మిగిలింది ఎక్కువగా ఊళ్ల నుంచి వచ్చిన దళిత, గిరిజన, బీసీ పిల్లలు, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్లు. వాళ్ల అమ్మానాన్నలకు కాలేజీని ఎంచుకునే భాగ్యం 1938 నాటి వాళ్లకెంత ఉందో అంతే ఉంది. 2016 జనవరిలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణంతో, 2025లో కంచ గచ్చిబౌలి భూముల ఆందోళనతో కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా గొడవల జాబితాలో చేరింది. ఆ గచ్చిబౌలి ఆందోళన వల్లే నాలుగు వందల ఎకరాల్లో చెట్ల నరికివేత సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఆగింది.

అమెరికాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు ఈ ప్రశ్న 2024లో కొత్తగా ఎదురైంది. గాజా యుద్ధం మీద కొలంబియా విశ్వవిద్యాలయంలో గుడారాలు వేసినవారిని పోలీసులు అరెస్టు చేశారు. మరుసటేడు విదేశీ విద్యార్థుల వీసాలు రద్దయ్యాయి. “నిరసనల వైపు వెళ్లకు నాన్నా” అని ఇక్కడినుంచి ఫోన్లు వెళ్లాయి. వీసా మీద ఉన్న పిల్లవాడి విషయంలో ఆ భయం సహేతుకమే. కానీ ఆ దేశం నుంచే నేర్చుకోవలసింది ఇంకోటుంది. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో హాస్టల్ గదిలో క్లెరీ అనే అమ్మాయి హత్యకు గురైంది. అంతకు ముందు ఆ ఆవరణలో జరిగిన నేరాల సంగతి తమకెవరూ చెప్పలేదని ఆమె తల్లిదండ్రులు పోరాడారు. ఫలితంగా 1990లో వచ్చిన క్లెరీ చట్టం ప్రకారం, కేంద్ర నిధులు తీసుకునే ప్రతి కాలేజీ తన ఆవరణలోని నేరాల లెక్కను ఏటా బహిరంగంగా ప్రకటించాలి.

మనకు అలాంటి లెక్క లేదు. 2009 నుంచి యూజీసీ నిబంధనల కింద ర్యాగింగ్ చేయమని విద్యార్థి, తండ్రో తల్లో సంతకం పెట్టి ఇస్తున్నారు. కాలేజీ తన రికార్డు చెప్పి సంతకం పెట్టే కాగితం మాత్రం లేదు. విశాఖపట్నం హాస్టల్లో చనిపోయిన నీట్ విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌ను పెట్టాలని చెప్పింది. ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ధర్నాల సంగతి అడగండి, తప్పులేదు. దాంతోపాటు ఆ కౌన్సెలర్ పేరు, ర్యాగింగ్ నిరోధక కమిటీ సభ్యుల పేర్లు, గత మూడేళ్లలో మధ్యలో మానేసిన పిల్లల సంఖ్య అడగండి. జవాబు కాగితం మీద ఇవ్వని చోట ఫీజు కట్టకండి.