మొగ దగ్గర టెన్నిసన్

హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి వెనకబడింది. పాలకాయతిప్ప దాటాక చక్రాల కింద ఇసుక మొదలైంది. ట్రాక్టరు ట్రక్కులో పదో తరగతి పిల్లల మధ్య మీరూ ఇరుక్కుని కూర్చున్నారు. ఒక పక్క మడ అడవి, ఒక పక్క సముద్రం. అందరి చేతుల్లోనూ ఒకే జిరాక్సు కాగితం గాలికి టపటపలాడుతోంది. 16 పంక్తులు, కింద 5 ప్రశ్నలు.

నిన్న క్లాసులో ‘క్రాసింగ్ ద బార్’ అన్న పేరు వినగానే వెనక బెంచీల్లో కిసకిసలు. బార్ అంటే మందు అమ్మే చోటు. పైలట్ అంటే విమానం నడిపేవాడు. ఫ్లడ్ అంటే వరద. తెలిసిన అర్థాలే పెట్టుకునేసరికి పద్యం అడ్డం తిరిగింది. టీచరు గైడు తెరవనివ్వలేదు. “రేపు సంగమం దగ్గర చదువుకుందాం” అన్నారావిడ.

ఇదిగో సంగమం. కాకి మునిగి హంసై లేచిందని చెప్పుకునే చోటు. కృష్ణ తొందరేమీ లేకుండా వచ్చి సముద్రంలో కలుస్తోంది. కలిసే చోట అలలు వరసగా విరిగి నురగలు కక్కుతున్నాయి. ఒకటే హోరు.

“అక్కడే ఎందుకు విరుగుతున్నాయి?”

“మొగలో ఇసుక మేటేసింది టీచర్. పాటు మీదుంది కదా, ఇప్పుడు బోటు పోదు. పోటెక్కాలి.”

చెప్పింది వేటకెళ్లే ఇంటి పిల్లాడు. ఇంగ్లీషులో 35 మార్కులకు తంటాలు పడేవాడు.

“ఆ మేటే బార్.”

తలలన్నీ కాగితాల మీదికి వంగాయి. మళ్లీ మొదటి పంక్తి నుంచి చదువుతున్నారు. 1889లో, 80 ఏళ్ల వయసులో, వైట్ దీవికి పడవలో వెళ్తూ టెన్నిసన్ కట్టిన పద్యమిది. తాను పోయే వేళ మేట మీద ఈ హోరు ఉండకూడదని, నిండు పోటు మీద చప్పుడు లేకుండా దాటిపోవాలని ఆ ముసలాయన కోరిక. అయితే ఫ్లడ్ వరద కాదు, పోటు.

“ఉప్పెన కాదా టీచర్?” ఒక అమ్మాయి అడుగుతుంది.

ఎవరూ నవ్వరు. 1977 నవంబరు 19 ఉప్పెన అంటే దివిసీమలో పెద్దవాళ్ల గొంతు ఇప్పటికీ మారిపోతుంది. నీళ్లు మనిషిని తీసుకుపోవడమంటే ఈ పిల్లలు విన్నది ఆ రాత్రి గురించే. అలాంటి నీటి మీద వెళ్లిపోవాలని ఒకరు కోరి మరీ రాసుకున్నారంటే ఆ అమ్మాయికి మింగుడుపడటం లేదు. టీచరు తొందరపెట్టరు. నన్నడిగితే, పద్యం పిల్లల్లోకి దిగింది ఆ ప్రశ్న దగ్గరే.

పైలట్ దగ్గరికి వచ్చేసరికి వేటపిల్లాడు “సరంగు!” అని అరుస్తాడు. కాదు, ఓడ నడిపేవాడు వేరు, మొగలో లోతు తెలిసి దారి చూపేవాడు వేరు, ఆ రెండోవాడే పైలట్ అంటారు టీచరు. వాడు ఊరుకోడు.

“మొగ దాటాక ఆయన దిగిపోతాడుగా? దాటాక మొహం చూడాలనుకోవడమేంటి?”

విమర్శకులు పట్టుకున్న తప్పూ సరిగ్గా ఇదే. ఆయన మొదటి నుంచీ ఓడలోనే ఉన్నాడు, చీకట్లో కనపడలేదంతే అన్నాడట కవి. పిల్లాడు సగం ఒప్పుకున్నట్టు తలూపుతాడు.

ఎండ నెత్తికెక్కింది. మోకాళ్ల మీద కాగితాలు పెట్టుకుని జవాబులు రాస్తున్నారు. రాస్తూ రాస్తూ ఎవరో తలెత్తారు. తర్వాత ఇంకొకరు. హోరు లేదు. విరిగే అలల వరసా లేదు. పోటు నిండింది. ఇంజను బోటొకటి మేట మీదుగా సముద్రంలోకి పోతోంది.