కృష్ణా డెల్టా గాలివానలు, ఉప్పెనలు

బంగాళాఖాతంలో పుట్టే తుఫానులు, వాటి వెంట తీరం మీదికి వచ్చే ఉప్పెనలు కృష్ణా డెల్టా జనజీవితాన్ని మార్చిన తీరు ఈ వ్యాస విషయం. అమెరికా మైదానాల్లో కనిపించే గరాటు ఆకారపు సుడిగాలి, అంటే టోర్నడో, తెలుగు నేల మీద అరుదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవుల్లో అలాంటిదేనని కొందరు భావించిన పెనుగాలి వేలాది వృక్షాలను వేళ్ళతో సహా పెకలించింది. అది నిండు అడవి కావడంతో ఊళ్ళకు ముప్పు తప్పింది. డెల్టాకు అసలు భయం వందల కిలోమీటర్ల వెడల్పున తిరిగే తుఫాను. అందులోనూ గాలి కన్నా నీరు.

కారణం తీరం స్వరూపంలోనే ఉంది. నిజాంపట్నం నుంచి మచిలీపట్నం వరకు సముద్రం అడుగు చాలా దూరం లోతు లేకుండా సాగుతుంది. గాలి తోసుకొచ్చిన నీటికి కిందికి దిగే చోటు లేక ఒడ్డు మీదికి ఎక్కుతుంది. మన తీరాన తుఫాను చుట్టూ గాలి అపసవ్య దిశలో తిరుగుతుంది కనుక, తుఫాను దాటిన చోటికి కుడి పక్కన, అంటే ఉత్తరాన, గాలి నేరుగా సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. తుఫాను చీరాల దగ్గర దాటితే దివిసీమ మునగడానికి కారణం ఇదే. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, నడుమ దివిసీమను వదిలి సముద్రంలో కలుస్తుంది. చుట్టూ నీరు ఉన్న ఈ పల్లపు నేలలో పారిపోవడానికి ఎత్తైన చోటంటూ లేదు.

పూర్వచరిత్ర

మచిలీపట్నం 17, 18 శతాబ్దాల్లో డచ్చి, ఇంగ్లీషు వర్తకులకు పెద్ద రేవు. గాలివానల బాధ అప్పుడూ ఉన్నదే. గోదావరి ముఖాన కోరంగిని 1789లోను, 1839లోను ఉప్పెనలు ముంచెత్తాయి. కలకత్తాలో తుఫానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉదంతాన్ని తన రచనల్లో ప్రస్తావించాడు.

బెజవాడ (నేటి విజయవాడ) దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువల వెంట సాగు, సాగు వెంట జనం పెరుగుతున్న రోజుల్లో, 1864 నవంబరు 1 రాత్రి, మచిలీపట్నం మీదికి ఉప్పెన వచ్చింది. చనిపోయినవారు సుమారు 30,000 మంది అని ఆనాటి గెజిటీర్లు రాశాయి. రేవుగా అప్పటికే వెనకబడుతున్న పట్నానికి ఇది పెద్ద దెబ్బ. ఆ తరవాత వంద సంవత్సరాలకు పైగా డెల్టా ఎన్నో గాలివానలు చూసింది గాని, 1864తో పోల్చదగిన ఉప్పెన రాలేదు. ఇంత ఎడం వల్ల ఉప్పెన అనుభవం జనం జ్ఞాపకం నుంచి దాదాపు తొలగిపోయింది.

1977 నవంబరు 19

ఆ నెల 12న ఒక తుఫాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటింది. దాని నష్టం లెక్క తేలకముందే ఆగ్నేయ బంగాళాఖాతంలో మరొకటి పుట్టి, బలపడుతూ ఆంధ్ర తీరం వైపు తిరిగింది. 19వ తేదీ శనివారం సాయంకాలం చీరాల ప్రాంతంలో తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలి వీచింది. సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన దివిసీమ మీద విరుచుకుపడి, కొన్ని చోట్ల పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకువచ్చింది.

సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, మూలపాలెం, నాగాయలంక, కోడూరు ప్రాంతాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. కొన్ని పల్లెల్లో బతికినవారి కన్నా పోయినవారే ఎక్కువ. అవతలి ఒడ్డున అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల ప్రాంతాల్లోనూ ప్రాణనష్టం భారీగా జరిగింది. ప్రభుత్వ లెక్క ప్రకారం మృతులు పది వేలకు పైనే. అసలు సంఖ్య అంతకన్నా బాగా ఎక్కువని తీరవాసులు ఈనాటికీ చెబుతారు. సార్వా వరి కోతకు వచ్చిన రోజులవి. పంట ఉప్పునీటిలో కలిసింది, చెరువుల్లో తాగునీరు చెడింది, పొలాలు చౌడుబారాయి, పశుసంపద తుడిచిపెట్టుకుపోయింది.

రేడియోలో హెచ్చరికలు వచ్చాయి. రేడియో లేని గుడిసెకు అవి చేరలేదు. చేరినచోట గాలివాన వస్తుందనుకున్నారే తప్ప సముద్రం ఊరి మీదికి వస్తుందని ఎవరూ తలపోయలేదు. డాబా ఇల్లో, గుడి మండపమో, బడి భవనమో అందుకోగలిగినవారు మిగిలారు. తాటాకు పాకల్లో ఉన్న మత్స్యకారులు, యానాదులు, దళిత కూలీలు ఎక్కువగా చనిపోయారు. పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు ఈ డెల్టాను ఏళ్ళ తరబడి పరిశీలించి 1992లో ప్రచురించిన గ్రంథం దీని మీద మంచి పరిశీలన. ఇంటి గోడ దేనితో కట్టారు, ఊరు ఏ ఎత్తున ఉంది, చేతిలో భూమి ఎంత అన్నవే ప్రాణనష్టాన్నీ, తరవాతి కోలుకోవడాన్నీ నిర్ణయించాయని ఆ పుస్తకం చదివితే అర్థమవుతుంది.

అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. ఆయన మంత్రివర్గంలోని అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావు సహాయ, పునరావాస పనుల్లో చూపిన దీక్షను దివిసీమ ప్రజలు నేటికీ గౌరవంతో తలుచుకుంటారు. శవాలను వెలికితీసి దహనం చేయడం మొదటి రోజుల్లో అన్నిటికన్నా కష్టమైన పని. ఎందరో స్వచ్ఛంద కార్యకర్తలు, పేరు బయటికి రాని యువకులు ఆ పని చేశారు. మదర్ థెరిసా వచ్చి బాధితులను పరామర్శించారు. రామకృష్ణ మిషన్ పునర్నిర్మాణంలో పాలుపంచుకుంది. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. మృతుల స్మృత్యర్థం అవనిగడ్డ ప్రాంతంలో స్తూపం నిలిపారు. ఏటా నవంబరు 19న అక్కడ నివాళులర్పిస్తారు.

ఆ తరవాత

ఉప్పెన నేర్పిన పాఠం కాంక్రీటు రూపం దాల్చింది. తీరగ్రామాల్లో తుఫాను రక్షిత భవనాలు, పక్కా ఇళ్ళు లేచాయి, సరుగుడు తోటలు పెంచారు. 1979 మేలో నెల్లూరు–ఒంగోలు తీరాన్ని తాకిన తుఫాను నాటికే జనాన్ని ముందుగా ఖాళీ చేయించే పద్ధతి మొదలైంది. 1980లలో ఇన్సాట్ ఉపగ్రహాల నిఘా తోడైంది.

అసలు పరీక్ష 1990 మే 9న ఎదురైంది. తీవ్రతలో 1977 నాటిదానికి తీసిపోని తుఫాను కృష్ణా ముఖం దగ్గరే తీరం దాటింది. లక్షలాది మందిని ముందే సురక్షిత స్థలాలకు తరలించారు. మృతులు 967 మంది. ఆ సంఖ్య చిన్నదేమీ కాదు. అయినా పదమూడేళ్ళ కిందటి లెక్క పక్కన పెట్టి చూస్తే అధికారుల శ్రమ ఫలించిందనే చెప్పాలి. 1996 నవంబరు 6న కోనసీమను చితక్కొట్టిన తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు; వేటకు వెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు వారిలో ఎందరో. మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ 2004లో పని ప్రారంభించింది. 2010 మేలో లైలా, 2013 నవంబరులో హెలెన్ తుఫానులు ఈ తీరాన్నే దాటాయి.

విజయవాడ సముద్రానికి దూరం. ఆ ఊరికి ముప్పు తుఫానులు, వాయుగుండాలు కురిపించే వానతోనే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, పరిసర కాలనీలు రోజుల తరబడి నీట నానాయి. ఆ మర్నాడు కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు సముద్రానికి వదిలారు. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ అంత ప్రవాహం ఎన్నడూ చూడలేదు.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటిన మిచౌంగ్ తుఫాను మనుషులను పెద్దగా బలి తీసుకోలేదు గాని, కోసిన పనలను, కల్లాల్లోని ధాన్యాన్ని తడిపి ముద్దచేసింది. డెల్టా సాగులో అధిక భాగం కౌలు రైతులది. హక్కు పత్రం చేతిలో లేని కౌలుదారుకు పంట నష్టపరిహారం అందడం ఇప్పటికీ కష్టమే. నలభై ఏళ్ళ కృషి తీరవాసి ప్రాణానికి ఇచ్చిన రక్షణ అతని పంటకు ఇంకా దక్కలేదు.