మంజీర నుంచి కోరింగ వరకు: రక్షిత జలాల్లో అనుమతి, హక్కు – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

నిజాంసాగర్ దాటిన మంజీర బోధన్ చెరకు సీమ మీదుగా సాగి కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి గౌతమీ పాయ కోరింగ మడ అడవుల చెంత సముద్రాన్ని చేరుతుంది. ఈ నీటి దారిలో రెండు అభయారణ్యాలున్నాయి. ఎగువన సంగారెడ్డి ప్రాంతంలో మొసళ్లకు నెలవైన మంజీర, దిగువన కాకినాడ సమీపంలో 235.70 చదరపు కిలోమీటర్ల కోరింగ. రెండూ 1978లో ప్రకటితమైనవే. ఇటువంటి జలాల్లో ప్రవేశించడానికీ, వల వేయడానికీ కావలసిన అనుమతి స్వరూపం ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పాలకుని అనుగ్రహం

మెదక్, పూర్వ నిజామాబాద్ జిల్లాల్లో విస్తరించిన పోచారం అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం. అక్కడ వేట పాలకుని అనుగ్రహానికి లోబడిన వినోదం. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో విలీనమైంది. 1952లో ఆ అడవి అభయారణ్యమైంది. వేటగాని కోసం కాచిన అడవిని అప్పటినుంచి వన్యప్రాణి కోసం కాయవలసి వచ్చింది.

3. అధికారి అనుమతి

రాజ్యాంగం 252వ అధికరణం కింద తీర్మానం చేసిన రాష్ట్రాల కోసం పార్లమెంటు 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని చేసింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 28వ సెక్షన్ ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ప్రవేశానుమతి ఇవ్వదగిన ప్రయోజనాలు ఐదు: వన్యప్రాణుల అధ్యయనం, ఛాయాగ్రహణం, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, అభయారణ్యవాసులతో న్యాయబద్ధమైన వ్యవహారం. చేపల వేట ఈ జాబితాలో లేదు. పైగా మూల చట్టం చేపలను కూడా వన్యప్రాణుల నిర్వచనంలో చేర్చింది. అందువల్ల వాటిని అక్కడినుంచి తీసుకుపోవడం 29వ సెక్షన్ పరిధిలోకి వచ్చింది. ఆ అనుమతికి వన్యప్రాణుల మేలే ప్రమాణం, మనుషుల జీవనోపాధి కాదు. ఫలితంగా యాత్రికునికి తెరుచుకున్న ద్వారం జాలరికి మూసుకుపోయింది.

4. సముద్రానికి ఒక మినహాయింపు

1991 సవరణతో వచ్చిన 26ఎ సెక్షన్ ఈ లోపాన్ని కొంత గుర్తించింది. ప్రాదేశిక జలాలను అభయారణ్యంలో చేర్చేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడే చర్యలు తీసుకోవాలని అది నిర్దేశించింది. నదీజలాల విషయంలో అటువంటి మాట లేదు. అదే సవరణ భూమిపై హక్కుల కొనసాగింపునకు 24వ సెక్షన్‌లో కలెక్టరుకు వీలు కల్పించింది. కానీ అక్కడి పదం భూమి, నీరు కాదు. ఆస్ట్రేలియా 1975లో గ్రేట్ బారియర్ రీఫ్ సముద్ర ఉద్యానం కోసం చేసిన చట్టం మండల విభజన పద్ధతిని అనుసరించింది. చేపల వేటకు వీలున్న మండలాలనూ నిషిద్ధ మండలాలనూ అది వేరుపరిచింది.

5. ముగింపు

2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలను కూడా అటవీభూమిగా పరిగణిస్తూ, జలవనరుల్లోని చేపలపై అటవీవాసుల సామూహిక హక్కును గుర్తించింది. అనుగ్రహం అనుమతిగా, అనుమతి హక్కుగా మారిన క్రమమిది. అయితే ఈ హక్కు షెడ్యూల్డు తెగలకూ, మూడు తరాల నివాసం నిరూపించుకున్న ఇతర సంప్రదాయ అటవీవాసులకూ పరిమితం. అడవిపై ఆధారపడక నదినే నమ్ముకున్న మత్స్యకారుడు దాని వెలుపలే ఉండిపోతాడు. రక్షిత జలాల చరిత్రను ప్రకటనల తేదీలతో మాత్రమే రాస్తే ఆ మత్స్యకారుడు కనిపించడు. అనుమతికి అర్హమైన పనుల జాబితాలో ఏ వృత్తికి చోటు దక్కలేదో కూడా ఆ చరిత్ర నమోదు చేయాలి.